బడి పిల్లలకు, ఇరుగుపొరుగుకు ముస్లిం ఇళ్లను పరిచయం చేయడం ఎలా? ఒక టీచరు సమాధానం

పలమనేరు నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న: "మా వీధి కుర్రాళ్లం కొందరం కలిసి పక్కనున్న హైస్కూలు పిల్లలకు, చుట్టుపక్కల ఇళ్లవాళ్లకు ముస్లింల పండుగలు, అలవాట్లు, వంటలు పరిచయం చేద్దామనుకుంటున్నాం. హెడ్మాస్టరు ఒప్పుకుంటారా? మత ప్రచారమని ఎవరైనా గొడవ చేస్తే ఏం చేయాలి? ఏం చెప్పాలి, ఏం చెప్పకూడదు? ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది."

తమ్ముడూ, నేను చిత్తూరు జిల్లా సర్కారు హైస్కూళ్లలో సోషల్ టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నాను. ఉద్యోగంలో ఉండగానే ఇలాంటి కార్యక్రమాలు మొదలుపెట్టాను, ఇప్పటికీ ఎవరైనా పిలిస్తే వెళతాను. స్టాఫ్‌రూమ్‌లో దేనికి భయపడతారో నాకు తెలుసు, మసీదు కమిటీలో దేనికి అభ్యంతరం చెబుతారో కూడా తెలుసు. అందుకే రెండు వైపుల సంగతీ చెబుతాను. జవాబు పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

మీరు "ముస్లింల అలవాట్లు" అన్నారు. ఏ ముస్లింలవి? మా పుట్టింటివాళ్లు దూదేకుల ముస్లింలు. దూది ఏకి, పరుపులు, బొంతలు కుట్టి బతికిన కుటుంబం. మా జేజికి, అంటే నాయనమ్మకు, తెలుగు తప్ప ఇంకో భాష రాదు. దువా చేసేటప్పుడు కూడా అరబ్బీలో వచ్చిన నాలుగు ముక్కలూ అయ్యాక మిగతాదంతా అల్లాకు తెలుగులోనే చెప్పుకునేది. మా అత్తగారిల్లు దక్కనీ ఉర్దూ ఇల్లు. అక్కడ "నక్కో" (వద్దు), "హౌ" (అవును) అనకుండా పూట గడవదు. కుప్పం, వి.కోట దాటి తమిళనాడు సరిహద్దు వైపు వెళితే తమిళం మాట్లాడే ముస్లిం కుటుంబాలు తగులుతాయి. వాళ్ల చుట్టరికాలు ఆంబూరు, వాణియంబాడి దాకా ఉంటాయి. నమాజు అందరిదీ ఒకటే, రోజా (ఉపవాసం) ఒకటే. పెళ్లి పాటలు వేరు, పిలుపులు వేరు, ఇఫ్తార్‌లో పెట్టేది వేరు. ఒక జిల్లాలోనే ఇన్ని రకాలుంటే, కేరళ మాప్పిళ్లలు, బెంగాలీ ముస్లింలు, ప్రపంచంలోనే ఎక్కువమంది ముస్లింలున్న ఇండోనేషియా సంగతి ఇక చెప్పక్కర్లేదు.

నా అనుభవంలో పిల్లల మనసులో నిలిచేది ఈ ఒక్క విషయమే. ముస్లిం అనగానే వాళ్లకు సినిమాలో చూసిన ఒకే ముఖం, ఒకే యాస, ఒకే బట్టలు గుర్తొస్తాయి. "మా జేజికి ఉర్దూ ఒక్క ముక్క రాదు" అని నేను చెప్పగానే క్లాసులో వెనక బెంచీ దాకా తలలెత్తి చూస్తారు. కాబట్టి "ముస్లింలు ఇలా చేస్తారు" అని మాత్రం మొదలుపెట్టకండి. "మా ఇంట్లో ఇలా చేస్తాం, మా వదిన వాళ్లింట్లో అలా చేస్తారు" అని చెప్పండి. మాట్లాడటానికి ఒక్కరు వెళ్లకుండా, రెండు మూడు రకాల ఇళ్లనుంచి మనుషులను తీసుకెళ్లండి. ఒక దూదేకుల పెద్దమనిషి, ఉర్దూ మాట్లాడే ఇంటి అమ్మాయి, తమిళం వైపు నుంచి ఒక అమ్మ. అందులో కనీసం ఒక్కరైనా ఆడవాళ్లు ఉండాలి. మగవాళ్లే వెళ్లి ఆడవాళ్ల గురించి చెప్పడం పిల్లలకూ నచ్చదు, నాకూ నచ్చదు.

ఇక హెడ్మాస్టరు సంగతి. వాళ్ల భయంలో న్యాయముంది, దాన్ని కొట్టిపారేయకండి. రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మత బోధన చేయకూడదు. ప్రభుత్వ గుర్తింపు, సాయం ఉన్న మిగతా బడుల్లో కూడా తల్లిదండ్రుల అంగీకారం లేకుండా ఏ పిల్లవాణ్నీ మత బోధనకో ప్రార్థనకో కూర్చోబెట్టకూడదు. అయితే మత బోధన వేరు, మతాల గురించి తెలుసుకోవడం వేరు. ఈ తేడాను సుప్రీంకోర్టు 2002లో అరుణా రాయ్ కేసు తీర్పులో స్పష్టంగా చెప్పింది. మతాలు, సంస్కృతుల గురించి చదువుకోవడానికి 28వ అధికరణం అడ్డు రాదని తేల్చింది. పైగా 51ఎ అధికరణంలో పౌరుల ప్రాథమిక విధుల్లోనే మత, భాషా భేదాలు దాటి సోదరభావం పెంచడం, మన మిశ్రమ సంస్కృతి వారసత్వాన్ని కాపాడుకోవడం ఉన్నాయి. మీరు హెడ్మాస్టరుకిచ్చే ఉత్తరంలో ఈ రెండు అధికరణాలనూ పేరుపెట్టి రాయండి. చాలామంది హెడ్మాస్టర్లకు ఒప్పుకోవాలనే ఉంటుంది. రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి చేతిలో ఒక కాగితం కావాలి, అంతే.

ఆ ఉత్తరం ఒక్క పేజీ మించకూడదు. ఏ తరగతికి, ఎంతసేపు, ఎవరు మాట్లాడతారు, ఏ వస్తువులు తెస్తారు, తినడానికి ఏం పెడతారు అన్నీ అందులో ఉండాలి. "పిల్లలతో ఏ ప్రార్థనా చేయించం, ఏ పుస్తకమూ కరపత్రమూ పంచం, క్లాసులో టీచరు మొదటినుంచి చివరిదాకా ఉంటారు" అని ముందే రాసివ్వండి. అన్నమాట మీద నిలబడండి. అభిమానం కొద్దీ ఎవరో ఒకరు ఖురాన్ అనువాదం ప్రతులు నాలుగు సంచిలో వేసుకొస్తారు. వాటిని గేటు బయటే ఉంచమనండి. పిల్లలకు టోపీలు పెట్టి ఫొటోలు తీయడం, కలిమా (ఇస్లాం విశ్వాస వాక్యం) పలికించడం, "ఒకసారి ఇలా చేతులెత్తండి" అనడం లాంటివి ఎంత సరదాగా చేసినా సరిహద్దు దాటినట్టే. ఆ ఒక్క ఫొటో చాలు, ఆ బడిలో పదేళ్లపాటు మళ్లీ ఎవరూ ఇలాంటి పని తలపెట్టలేరు. స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో ఉన్న తల్లిదండ్రులను ముందు కలవండి. ఉత్తరం మీద సంతకం చేసేవాళ్లలో ముస్లిం కాని మీ వీధి పెద్ద ఒకరుంటే ఇంకా మంచిది. ఎంఈఓకు (మండల విద్యాధికారికి) ఒక కాపీ ఇవ్వమని హెడ్మాస్టరునే అడగండి, ఆయన్ను దాటి మీరు వెళ్లకండి.

తిరుపతి వైపు చేయాలనుకునేవాళ్లకు ఒక మాట. తిరుమల కొండ మీద అన్యమత ప్రచారం 2007 నుంచి చట్టప్రకారం నిషేధం. మీరు చేసేది ప్రచారం కాదని మీకు తెలుసు, చూసేవాళ్లకు తెలియదు. కొండ దరిదాపుల్లో గానీ, టీటీడీ నడిపే విద్యాసంస్థల్లో గానీ ఈ ఆలోచన పెట్టుకోవద్దు. అవి ధార్మిక సంస్థలు, వాటి పద్ధతి వాటిది. జిల్లాలో బడులకు కొదవ లేదు.

తరగతి ఎంచుకునేటప్పుడు ఆరు నుంచి ఎనిమిది మధ్య చూసుకోండి. ఆ వయసు పిల్లలు సిగ్గుపడకుండా అడుగుతారు. పదో తరగతివాళ్లకు పబ్లిక్ పరీక్షల ధ్యాస తప్ప ఇంకేదీ ఎక్కదు. శనివారం నో బ్యాగ్ డే పాటించే బడుల్లో టైమ్ సులువుగా దొరుకుతుంది.

ఏం చెప్పాలన్నదానికి వస్తాను. ఉపన్యాసం వద్దు. పిల్లల చేత ఏదైనా చేయించండి. నాకు అన్నిటికంటే ఇష్టమైన పాఠం క్యాలెండరు పాఠం. లెక్కల టీచరును కూడా కలుపుకుని చేస్తాను.

బోర్డు మీద ముందు మన పంచాంగమే వేస్తాను. 2025లో ఉగాది మార్చి 30న వచ్చింది, రంజాన్ పండుగ మర్నాడు 31న. ఎందుకలా పక్కపక్కనే వచ్చాయి? రెండూ చంద్రుణ్ని చూసి లెక్కపెట్టేవే కనుక. ఉగాది అమావాస్య తర్వాతి పాడ్యమి. రంజాన్ పండుగ అమావాస్య దాటి నెలవంక కనిపించిన మర్నాడు. ఇద్దరూ చూసేది ఒకే ఆకాశాన్ని. ఇక్కడిదాకా పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది. ఆ తర్వాత అడుగుతాను: మరి రంజాన్ ఒకప్పుడు జూన్‌లో, ఒకప్పుడు డిసెంబరులో ఎందుకొస్తుంది? ఉగాది మాత్రం మార్చి, ఏప్రిల్ దాటి ఎందుకు పోదు?

లెక్క వాళ్లచేతే వేయిస్తాను. చాంద్రమాసం సగటున 29.53 రోజులు. పన్నెండుతో గుణిస్తే 354 రోజుల చిల్లర. సూర్యుడి ఏడాది 365 రోజుల చిల్లర. తేడా దాదాపు 11 రోజులు. ముస్లింల హిజ్రీ క్యాలెండరు ఈ తేడాను సరిచేయదు, అందుకే రంజాన్ ఏటా 11 రోజులు ముందుకు జరిగి, సుమారు 33 ఏళ్లలో ఋతువులన్నీ తిరిగొస్తుంది. మన తెలుగు పంచాంగం 32, 33 నెలలకోసారి అధిక మాసం కలిపి తేడాను సర్దుకుంటుంది, అందుకే ఉగాది వసంతంలోనే నిలబడుతుంది. 2026 చూడండి. ఉగాది మార్చి 19న, రంజాన్ పండుగ ఆ తర్వాత ఒకటి రెండు రోజులకే. అదే ఏడు మే, జూన్ నెలల్లో అధిక జ్యేష్ఠం ఉంది. దాంతో 2027లో ఉగాది ఏప్రిల్ 7కు వెళుతుంది, రంజాన్ పండుగేమో మార్చి 10 ప్రాంతంలోనే వచ్చేస్తుంది. రెండేళ్లు చేయీ చేయీ పట్టుకుని నడిచిన పండుగలు మూడో ఏడు విడిపోవడం పిల్లలు తమ లెక్కలోనే చూస్తారు. ఇంకొంచెం ముందుకు వెళ్లమంటే 2030లో రంజాన్ మాసం రెండుసార్లు మొదలవుతుందని వాళ్లే కనిపెడతారు, జనవరి మొదట్లో ఒకసారి, డిసెంబరు చివర్లో ఇంకోసారి. అప్పుడు క్లాసులో వచ్చే గోల వినడానికే నేను ఈ పాఠం మళ్లీ మళ్లీ చెబుతాను.

ఈ పాఠం ఎందుకు పనిచేస్తుందంటే, ఇందులో ఎవరూ ఎవరికీ అతిథులు కారు. హిందూ పిల్లవాడు తన పంచాంగం గురించి కూడా అంతవరకూ తెలియని సంగతి నేర్చుకుని వెళతాడు. ఇంటికెళ్లి వాళ్ల తాతను అధిక మాసం గురించి అడుగుతాడు. ఆ తాత మర్నాడు మీరు బజార్లో కనిపిస్తే తప్పకుండా పలకరిస్తాడు.

దిక్కుల పాఠం కూడా ఇలాంటిదే. గ్లోబు, దారం ముక్క, దిక్సూచి తీసుకెళ్లండి. గ్లోబు మీద మన ఊరి నుంచి మక్కాకు దారం బిగించి పట్టుకుంటే పడమరకు కొంచెం ఉత్తరంగా పోతుంది. మసీదు ఆ దిక్కుకు ఎందుకు తిరిగి ఉంటుందో చెప్పేస్తే చాలు. ఇండోనేషియాలో అయితే ఎటు, ఈజిప్టులో అయితే ఎటు అని పిల్లలే తిప్పి చూసుకుంటారు.

డ్రాయింగు టీచరు ఉంటే వృత్తలేఖిని, స్కేలుతో నక్షత్రం గీయించండి. వృత్తం గీసి, అదే కొలతతో అంచు మీద ఆరు గుర్తులు పెడితే ఆరు కోణాల నక్షత్రం వస్తుంది. రెండు చతురస్రాలను ఒకదాని మీద ఒకటి తిప్పి పెడితే ఎనిమిది కోణాలది. మసీదుల జాలీల్లో, గచ్చు పనుల్లో కనిపించే అల్లికలకు మొదలు ఇదే. సైన్సు టీచరుకు ఆసక్తి ఉంటే చెప్పుల డబ్బాకు సన్న రంధ్రం పొడిచి, ఎదుటి వైపు వెన్న కాగితం అతికించి, తలకిందుల బొమ్మ చూపించవచ్చు. వెలుగు సరళరేఖలో పోతుందని చీకటి గదిలో, సన్న రంధ్రాలతో వెయ్యేళ్ల కిందట ప్రయోగాలు చేసి చూపిన ఇబ్న్ అల్ హైతం పేరు అప్పుడు చెప్పండి. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో ఉన్న అల్‌ఖ్వారిజ్మీ మన దేశపు అంకెలతో లెక్కలు చేసే పద్ధతిని అరబ్బీలో రాయడం, అది లాటిన్‌లోకి మారి యూరప్ చేరడం కూడా చెప్పవచ్చు. కానీ గొప్పల చిట్టా చదవకండి. రెండు పేర్లు చాలు.

చేతిపనులు మరిచిపోవద్దు. దూదేకే విల్లు ఎవరింటి అటక మీదైనా ఉంటే దించుకురండి. దాని నారి మోగిస్తే వచ్చే చప్పుడు ఈ తరం పిల్లలు విననే లేదు. శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డ, పెడన అచ్చు కలంకారీ గుడ్డ పక్కపక్కన పెట్టి చూపించండి. మొదటిది వెదురు కలంతో గీసిన దేవుళ్ల కథలు. రెండోది చెక్క అచ్చులతో వేసిన పూలతీగలు. గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం నుంచి పర్షియాకు వెళ్లిన సరుకు ప్రభావం అందులో కనిపిస్తుంది. రెండూ మన రాష్ట్రానివే. రాజుల కథలు మాత్రం నేను క్లాసుకు తీసుకెళ్లను. హైదర్ అలీ 1782 డిసెంబరులో కన్నుమూసింది మన చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేటలోనే. చరిత్ర పాఠంలో చెప్పాల్సిన సంగతే. కానీ మీ కార్యక్రమంలో రాజు పేరు ఎత్తగానే మంచివాడా చెడ్డవాడా అనే వాదన మొదలై మనుషుల సంగతి మూలకు పోతుంది.

తిండి విషయంలో జాగ్రత్తగా ఉండండి. బడిలో మాంసం మాటే వద్దు. షీర్ ఖుర్మా చాలు: పాలు, సన్న సేమ్యా, ఖర్జూరం, సారపప్పు, బాదం. బాదం, జీడిపప్పు పడని పిల్లలు ఉంటారు కనుక ముందే టీచరును అడిగించండి. కొన్ని ఇళ్లవాళ్లు బయట వండింది తిననివ్వరు. దాన్ని అవమానంగా తీసుకోకండి. ప్యాకెట్లో వచ్చే ఖర్జూరాలు పెడితే ఏ చిక్కూ లేదు, తినని పిల్లవాడు జేబులో వేసుకుని వెళతాడు. శనివారం చాలా ఇళ్లలో వెంకటేశ్వరస్వామికి ఒంటిపూట ఉంటారు, ఆ రోజు కార్యక్రమమైతే అదీ గుర్తుపెట్టుకోండి. మీ పలమనేరు వైపు సరిహద్దు ఊళ్లలో రంజాన్‌కు మసీదులో కాచే గంజి ఉంటుంది కదా, బియ్యపు నూక, పెసరపప్పు, మెంతులు వేసి. మాంసం లేకుండా కాచి, అది ఎలా చేస్తారో ఒక అమ్మ చేత చెప్పించండి. పొద్దంతా నీళ్లు కూడా తాగని కడుపుకు మొదట గంజి ఎందుకు పడుతుందో వివరిస్తే, ఏకాదశి ఉపవాసం ఉండే నాయనమ్మలున్న పిల్లలకు వెంటనే అందుతుంది.

ఇప్పుడు మన ప్రాంతంలో అందరూ ముందుగా ఎత్తుకునే కథల గురించి. తిరుమలలో మంగళవారం జరిగే అష్టదళ పాదపద్మారాధనకు 108 బంగారు పూలు సమర్పించింది గుంటూరు ముస్లిం భక్తుడు. ఉగాది నాడు దేవుని కడప గుడికి ముస్లింలు వచ్చి స్వామిని దర్శించుకుంటారు. వెంకటేశ్వరస్వామి భార్యగా జనం చెప్పుకునే ముస్లిం యువతి బీబీ నాంచారి కథ తరతరాలుగా జనం నోట ఉంది. నాదస్వర విద్వాంసుడు షేక్ చిన మౌలానా ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, 1977లో పద్మశ్రీ అందుకున్నారు. ఇవన్నీ నాకు ప్రాణం. నాదస్వరం సంగతి నేను ప్రతి బడిలోనూ చెబుతాను, ఎందుకంటే తిరుపతి పిల్లలు ఆ వాద్యం వింటూనే పెరుగుతారు.

అయితే కార్యక్రమం మొత్తం వీటితోనే నింపకండి. గుడికి పూలిచ్చినవాడే మంచి ముస్లిం అన్న అర్థం పిల్లల బుర్రలోకి పోతుంది. గుడికి వెళ్లని, తన నమాజు తాను చేసుకుని, తన మెకానిక్ షెడ్డు తాను నడుపుకునే మనిషికి కూడా అంతే గౌరవం దక్కాలి. "మీరు కొండకు వెళతారా?" అని పిల్లలు తప్పక అడుగుతారు. "మావాళ్లలో కొందరు వెళతారు, హిందువులు కానివాళ్లు డిక్లరేషన్ ఇచ్చి దర్శనం చేసుకోవచ్చు. చాలామంది వెళ్లరు. వెళ్లకపోయినా కొండను గౌరవిస్తాం" అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

పీర్ల పండుగ కూడా అలాగే. మన సీమలో పీర్ల చావిడి, గుండం, మలీద ముద్దలు అన్ని కులాలవాళ్లవీ. కొన్ని ఊళ్లలో ఒక్క ముస్లిం ఇల్లు లేకపోయినా పీర్లను ఎత్తుతారు. అనంతపురం జిల్లా గూగూడు కుళ్లాయిస్వామి దగ్గరికి హిందువులు వేలల్లో వస్తారు. కానీ మన మసీదు పెద్దల్లో చాలామంది పీర్లను, దర్గా మొక్కులను ఒప్పుకోరు. మీ బృందంలోనే దీని మీద మాటామాటా వచ్చే అవకాశం ఉంది. బడికి వెళ్లకముందే కూర్చుని తేల్చుకోండి. పిల్లల ముందు ఒకరు "ఇది మన పండుగ" అని, ఇంకొకరు "ఇది ఇస్లాం కాదు" అని వాదించుకోకూడదు. నేనైతే "దీని గురించి మాలో రెండు అభిప్రాయాలున్నాయి, మా పుట్టింట్లో పీర్లకు మొక్కుతారు, అత్తగారింట్లో మొక్కరు" అని సూటిగా చెబుతాను. పెద్దవాళ్లు తమలో తేడాలున్నాయని మామూలుగా చెప్పడం పిల్లలకు కొత్త, మంచిది కూడా.

గుచ్చుకునే ప్రశ్నలు వస్తాయి. "మీరు పాకిస్తాన్‌కు సపోర్టా?" అని ఆరో తరగతి పిల్లవాడు అడిగితే వాడి మీద కోపం వద్దు. అది వాడి ప్రశ్న కాదు, ఇంట్లో విన్నది. "2011 లెక్కల ప్రకారం ఈ దేశంలో ముస్లింలు 17 కోట్లకు పైగా ఉన్నారు. మాది పలమనేరు. మా తాత, ముత్తాత ఇక్కడి మట్టిలోనే ఉన్నారు" అని చెప్పి తర్వాతి ప్రశ్నకు వెళ్లండి. బుర్ఖా గురించి అడిగితే ఆడవాళ్లే చెప్పాలి. వేసుకునే అమ్మాయి, వేసుకోని అమ్మాయి ఇద్దరూ ఉంటే ఇద్దరూ చెప్పాలి. "నలుగురు పెళ్లాలా?" అని నవ్వుతూ అడిగితే "మా వీధిలో అలాంటి ఇల్లు ఒకటైనా ఉంటే చూపించు" అనేది మా చెల్లెలు. ఆవు మాంసం గురించి పెద్దవాళ్లు అడుగుతారు. రాష్ట్రంలో గోవధ 1977 చట్టం ప్రకారం నిషేధమని, మీ ఇంట్లో ఏం వండుతారో అది చెప్పండి. తెలియని ప్రశ్న వస్తే కల్పించి చెప్పకండి, ఇమామ్ గారిని అడిగి చెబుతామనండి, మళ్లీ వెళ్లి చెప్పండి కూడా. ప్రశ్నలు చీటీల మీద పేరు లేకుండా రాయించి ముందురోజే తెప్పించుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

ఇది చాలామంది గమనించని సంగతి: ఆ క్లాసులో ముస్లిం పిల్లలు ఒకరో ఇద్దరో ఉంటారు. "నువ్వు లేచి చెప్పమ్మా" అని వాళ్లను నిలబెట్టకండి. అందరిలాగే ఉండాలనుకునే వయసు అది. అందరూ తిరిగి ఒక్క పిల్ల వైపే చూస్తే ఆ పిల్ల వారం రోజులు బడికి రావడానికి ఇబ్బంది పడుతుంది. తనంతట తాను చెయ్యెత్తితే మాట్లాడనివ్వండి. కార్యక్రమానికి ముందే టీచరు ద్వారా వాళ్ల అమ్మానాన్నలకు కబురు పెట్టండి. నిజానికి మనం వెళ్లేది ఎక్కువగా ఆ ఒకరిద్దరి కోసమే అని నేను అనుకుంటాను. మర్నాటి నుంచి వాళ్ల టిఫిన్ డబ్బా గురించి, వాళ్ల పేరు గురించి వచ్చే మాటలు మారితే మనం వెళ్లినందుకు ఫలితం దక్కినట్టే.

ఇరుగుపొరుగు విషయం వేరు. పెద్దవాళ్లకు పాఠాలు పనికిరావు. వాళ్లకు మీ సంస్కృతి కంటే ముందు మీ బండ్లు కనబడతాయి. శుక్రవారం జుమాకు వచ్చినవాళ్లు పక్కింటి గేటుకు అడ్డంగా బైకులు పెడితే, మీరు ఎన్ని షీర్ ఖుర్మా గిన్నెలు పంచినా ఆ ఇంటావిడ మనసు కరగదు. ముందు నలుగురు కుర్రాళ్లను పార్కింగ్ దగ్గర నిలబెట్టండి. లౌడ్‌స్పీకర్ సంగతి కూడా అంతే. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. ఎవరో ఫిర్యాదు చేసేదాకా ఆగకుండా మీ కమిటీయే మైకు ఎలా వాడాలో మాట్లాడుకోవాలి. పరీక్షల రోజుల్లో పక్కింటి పిల్లల చదువును తలచుకుని శబ్దం తగ్గించిన మసీదు గురించి ఆ వీధి అంతా మంచిగా చెప్పుకుంటుంది.

ఆ తర్వాత మసీదు చూడటానికి పిలవండి. ఆదివారం సాయంత్రం అసర్ నమాజు అయ్యాక, పొద్దుగూకాక చేసే మగ్రిబ్ నమాజుకు ముందు అయితే వీలుగా ఉంటుంది. గుంపును పిలవవద్దు, ఇంటింటికీ వెళ్లి కుటుంబంతో సహా రమ్మని చెప్పండి. నమాజుకు ముందు ముఖం, కాళ్లూచేతులూ కడుక్కునే (వజూ చేసే) చోటు, ఇమామ్ నిలబడే మిహ్రాబ్, నమాజు వేళల గడియారాల పలక, వరుసలు కట్టే చాపలు చూపించండి. ధనవంతుడూ కూలీ ఒకే వరుసలో భుజం భుజం ఆనించి నిలబడతారని చెప్పండి, జకాత్ అంటే ఏడాది పొదుపులో రెండున్నర శాతం లేనివాళ్లకు ఇవ్వడమని చెప్పండి. మన వైపు చాలా మసీదుల్లో ఆడవాళ్లకు చోటు లేదు. పక్కింటి అక్కలు వచ్చి గడప దగ్గరే నిలబడితే మనకే తలవంపులు. కమిటీతో ముందే మాట్లాడి వాళ్లను లోపలికి తీసుకెళ్లే ఏర్పాటు చేయండి. ఒప్పుకోకపోతే మసీదు బదులు ఒక ఇంటి వాకిట్లో పెట్టుకోండి. ఆ వచ్చిన అక్కలను పలకరించడానికి మన ఇళ్ల ఆడవాళ్లు కూడా ఉండాలి. తలమీద కొంగు కప్పుకోమని ఎవరినీ బలవంతం చేయకండి.

పిలిచినట్టే వెళ్లండి కూడా. వాళ్ల వినాయక చవితి పందిరికి, వీధి జాతరకు, సంక్రాంతి ముగ్గుల దగ్గరకు. పూజలో కూర్చోవడం మీకు కుదరకపోతే కుదరదని నవ్వుతూ చెప్పండి, కుర్చీలు వేయడానికి, నీళ్లు పోయడానికి ఏ అడ్డూ లేదు. ఒకవైపే పిలుస్తూ పోతే రెండో ఏటికి ఎవరూ రారు.

ఫొటోల గురించి కఠినంగా ఉండండి. పిల్లల ముఖాలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టవద్దు, హెడ్మాస్టరు రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప బడి లోపల ఫోను తీయవద్దు. పత్రికలవాళ్లను మొదటి ఏడు పిలవవద్దు. రాజకీయ నాయకులను ఏ ఏడూ పిలవవద్దు, ఏ పార్టీవారైనా సరే.

మొదలుపెట్టడానికి మంచి రోజు నవంబరు 11. మౌలానా అబుల్ కలాం ఆజాద్ పుట్టినరోజు, మొదటి విద్యామంత్రి ఆయన. 2008 నుంచి దేశమంతా జాతీయ విద్యా దినోత్సవంగా జరుపుతున్నారు, మన రాష్ట్రంలో అదే రోజు మైనారిటీల సంక్షేమ దినోత్సవం కూడా. బడిలో ఆ రోజు ఎలాగూ ఏదో ఒకటి చేయాలి కాబట్టి హెడ్మాస్టరుకు మీ ఉత్తరం భారమనిపించదు. ఒక్క తరగతి, రెండు పీరియడ్లు, ముగ్గురు మనుషులు, క్యాలెండరు పాఠం, ఒక్కొక్కరికి రెండు ఖర్జూరాలు. మొదటిసారికి అంతకు మించి పెట్టుకోకండి. సెప్టెంబరులోనే ఉత్తరం ఇవ్వండి, దసరా సెలవుల తర్వాత ఇస్తే ఆలస్యమవుతుంది.

ఉత్తరం రాశాక పిల్లల పేర్లు, బడి పేరు తీసేసి డ్రాఫ్టు ఇక్కడే పెట్టండి. ఏ వాక్యం దగ్గర హెడ్మాస్టర్లు ఆగిపోతారో నాకు బాగా తెలుసు, చూసి చెబుతాను.